ఆముదం విషం క్యాన్సర్‌కి మందవుతుందా?

ఆముదం చెట్టు తెలియనివాళ్ళు మనలో ఉండరు. దేవరకొండ వైపు మా తండాల్లో చెలకల్లో వేస్తారు. మన మణికొండకు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థలో దాని మీద పరిశోధనలు జరుగుతాయి. ఆ గింజ నోట్లో పెట్టుకుంటే మా యాడి చెయ్యి మీద ఒక్కటేసి ఊయించేది. ఎందుకంటే అందులో రిసిన్ అనే విషం ఉంది. 1888లో స్టిల్‌మార్క్ అనే శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. (నూనె తీసినప్పుడు విషం చెక్కలోనే ఉండిపోతుంది. తలకు రాసుకునే ఆముదానికి భయపడకండి.)

ఇంత చెడ్డ విషాన్ని నోరు, గొంతు క్యాన్సర్ల మీదికి పంపొచ్చా అని శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళుగా చూస్తున్నారు. ఈ జబ్బు మనకు దూరంది కాదు. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకొని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. మన వైపు అడ్డపొగ లేదు గాని జర్దా, గుట్కా, ఖైనీ లేని ఊరేది?

మామూలు క్యాన్సర్ మందు మంచి కణాన్ని, చెడ్డ కణాన్ని కలిపి కొడుతుంది. జుట్టు ఊడేది అందుకే. మరి చెడ్డదాన్నే గుర్తుపట్టేదెట్లా? దానికి యాంటీబాడీ ఉంది. అది మన ఒంట్లో తయారయ్యే రక్షక ప్రోటీను, ఒక్కోటి ఒక్కో గుర్తునే పట్టుకుంటుంది. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. తల, మెడ క్యాన్సర్ కణాల్లో చాలావాటి మీద ఇ.జి.ఎఫ్.ఆర్. అనే గుర్తు మరీ ఎక్కువగా ఉంటుంది.

రిసిన్‌లో రెండు ముక్కలున్నాయి. 'బి' ముక్క ఏ కణం దొరికితే ఆ కణాన్ని పట్టుకుంటుంది. 'ఎ' ముక్క లోపలికి పోయి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను పాడుచేస్తుంది, నిమిషానికి వెయ్యికి పైగా! కాబట్టి 'బి'ని తీసేసి దాని చోట యాంటీబాడీని అతికిస్తే సరి అనుకున్నారు.

కాని చిక్కు అక్కడే వచ్చింది. కణం ఆ మందును చిన్న సంచిలో మూటగట్టి మింగుతుంది. ఆ సంచి తిన్నగా అరిగించే అరకు, అంటే లైసోజోముకు పోతుంది. విషం బయటపడకముందే అరిగిపోతుంది. అంతకుముందు తప్పించుకునేందుకు సాయం చేసింది 'బి' ముక్కే, దాన్ని మనమే కోసేశాం గదా!

అందుకని సంచిని చింపే ఉపాయాలు వెతుకుతున్నారు. నాకు బాగా నచ్చింది సపోనిన్ల పద్ధతి. కుంకుడుకాయ నురగ వచ్చేది సపోనిన్ల వల్లనే. అట్లాంటివే వేరే మొక్కల నుంచి తీసి బెర్లిన్‌లో ప్రయోగాలు చేశారు. అవి సంచి పొరను వదులు చేస్తాయి, చాలా తక్కువ విషంతోనే కణం చస్తుంది. నార్వేలోనైతే వెలుగు పడగానే సంచి చిట్లే రసాయనం వాడారు. 2020లో జపాన్ ప్రభుత్వం అనుమతించిన తల, మెడ క్యాన్సర్ మందుకు కూడా వెలుగే కావాలి. అయితే అందులో యాంటీబాడీకి కట్టింది విషం కాదు, ఒక రంగు.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. రిసిన్ మొక్క ప్రోటీను కాబట్టి మన ఒళ్ళు దాన్నే శత్రువనుకొని ఎదురు తిరుగుతుంది. అందుకే రిసిన్ మందు ఈ క్యాన్సర్‌కి ఆస్పత్రి దాకా ఇంకా రాలేదు.

ఇప్పటికైతే తొందరగా కనిపెట్టడమే మన చేతిలో ఉంది. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, మెడలో గడ్డ ఉంటే డాక్టరుకు చూపించాలి. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి సర్కారుదే.