పురిటి వేళ: మంత్రసానియా, వైద్యురాలా?

ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినదనగానే మన ఇండ్లలో ఒక చర్చ బయలుదేరుతుంది. "మేమందరం దాయమ్మ చేతిలోనే కన్నాము, మాకేమయినది?" అని దాదీమా అంటుంది. "ఆసుపత్రికి పోతే కోతే గదా" అని పొరుగింటి పిన్నమ్మ వంత పాడుతుంది. "రేపు జరగరానిది జరిగితే జవాబుదారీ ఎవరిది?" అని అత్తింటివారు అడుగుతారు. మా కళాశాలలో నేడు చదువుకొంటున్న సోదర సోదరీమణులలో పలువురు కొన్ని ఏండ్లలో ఈ చర్చలో స్వయంగా కూర్చోవలసినవారే. ఆపరేషన్ కాగితం మీద సంతకం చేయవలసినవారే. కావున ఈ విషయాన్ని కొంత వివరింపదలచినాము.

చదువుకున్న వైద్యుడు మేలు, చదువులేని మంత్రసాని కీడు అని తేల్చివేయడం సులభం. చరిత్ర అంత సులభంగా తీర్పు చెప్పదు. ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1840 తరువాతి సంవత్సరాలలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్యులు, వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండవ దానిలో మంత్రసాని విద్య నేర్చుకొనే స్త్రీలు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు మరణించగా, రెండవ విభాగంలో ముగ్గురికి లోపే మరణించారు. తమను మొదటి విభాగంలో చేర్చవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారు. కారణాన్ని సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు కనిపెట్టినాడు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే నేరుగా ప్రసూతి గదికి వస్తున్నారు! 1847 మే నెలలో బ్లీచింగు పొడి కలిపిన నీటితో చేతులు కడుగుకొనాలని ఆయన నియమం పెట్టగా, మరుసటి సంవత్సరానికి రెండు విభాగాలలోనూ మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగినవి. అంటే తేడా మనిషిలో లేదు, చేతిలో ఉన్నది.

మన పల్లెల మంత్రసాని విషయమూ ఇట్టిదే. ఆమెకు ఓర్పు ఉండేది. తల్లిని ఒంటరిగా వదిలేది కాదు. నడిపించేది, నడుము రాసేది, ధైర్యం చెప్పేది. కాని బొడ్డు కోసిన కొడవలి వల్ల ధనుర్వాతం సోకి పసికందులు మరణించేవారు. మాతా శిశువుల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో తొలగిపోయినదని 2015లో మాత్రమే ప్రకటించగలిగినారు. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకున్నా ఆమె చేయగలిగినది దాదాపు ఏమీ లేదు.

మరి వైద్యుని పిలువలేదేమి? నాడు వైద్యులందరూ పురుషులే. గోషా స్త్రీలు వారికి నాడి చూపడానికైనా ఒప్పుకొనేవారు కారు. ఈ దుస్థితిని కన్నులారా చూచిన మేరీ షార్లీబ్ అనే ఆంగ్ల వనిత మొదట ప్రసూతి విద్యను అభ్యసించి, 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరినది. ఆమె కృషి ఫలితంగానే 1885లో మద్రాసులో గోషా ఆసుపత్రి వెలసినది. హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి కథా ఇట్టిదే. 1949లో తన పరిచారిక ఒకతె కాన్పులో మరణించగా, రాకుమారి నీలోఫర్ ఎంతో చలించి, ఇక ఏ తల్లికీ ఆ గతి పట్టరాదని సంకల్పించినది. 1953లో ఆ ఆసుపత్రి ఏర్పడినది.

నేడు పరిస్థితి తారుమారైనది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇది చిన్న విజయం కాదు. 2018-20లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశం మొత్తం మీద 97 కాగా, తెలంగాణలో 43 మాత్రమే. కాని అదే సర్వేలో నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినది. దేశ సగటు 21 చిల్లర. శస్త్రచికిత్సలు నూటికి సుమారు పది వరకు పెరిగినప్పుడు మరణాలు తగ్గుతాయనీ, అంతకు మించి పెరిగినా జనాభా మొత్తంలో మరణాలు తగ్గినట్లు కనబడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. ఈ తప్పును వైద్యుల మీదనే మోపడం న్యాయం కాదు. ముహూర్తం చూచుకొని వచ్చేవారూ, నొప్పులంటే జడిసి తామే కోయమనేవారూ మనలో లేరా?

కోత అవసరమా, మరికొంత ఓపిక పట్టవచ్చునా అని తెలుసుకొనడానికి ఒక చక్కని సాధనం ఉన్నది. దానిని పార్టోగ్రాఫ్ అంటారు. ఆఫ్రికాలోని రొడీషియాలో, అనగా నేటి జింబాబ్వేలో, వైద్యులు తక్కువ, పురుళ్ళు పోసేది మంత్రసానులు. వారి కొరకు ఫిల్పాట్, కాజిల్ అనే ఇద్దరు 1972లో ఒక గీతల కాగితానికి రూపమిచ్చినారు. గర్భాశయ ముఖం గంట గంటకు ఎంత విచ్చుకొన్నదో దాని మీద గుర్తిస్తారు. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున సాగే గీత హెచ్చరిక గీత. దానికి నాలుగు గంటలు కుడివైపున చర్య గీత. మొదటి గీత దాటితే పెద్దాసుపత్రికి పంపవలెను. రెండవది దాటితే వైద్యుడు నిర్ణయం తీసుకొనవలెను. తల్లులందరూ గంటకు సెంటీమీటరు లెక్కన సాగరని తరువాత తెలియగా, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సవరించి కొత్త పత్రం ఇచ్చినది. మంత్రసాని పని ఎక్కడ ముగుస్తుందో, వైద్యుని పని ఎక్కడ మొదలవుతుందో ఆ ఒక్క కాగితం చూపుతుంది.

ఇట్టి పత్రాన్ని చదువగల మంత్రసానులు నేడు మన చెంతనే తయారవుతున్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సంస్థల తోడ్పాటుతో నర్సులకు 18 నెలల ప్రసూతి శిక్షణ ప్రారంభించినది. 2018లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించినది. దాదీమా చెప్పే దాయమ్మ ఓర్పు వీరికి ఉన్నది. ఆమెకు లేని శాస్త్రమూ ఉన్నది.

కావున ఆరోగ్యవంతురాలైన తల్లికి, ఆసుపత్రి ఆవరణలోనే, శిక్షణ పొందిన మంత్రసాని చేతిలో కాన్పు కావడం మంచిదని మా అభిప్రాయం. రక్తపోటు, మధుమేహం, తీవ్రమైన రక్తహీనత, కవలలు, ఎదురుకాళ్ళు, మాయ కిందికి ఉండడం, మునుపటి కాన్పు కోతతో జరిగి ఉండడం - వీనిలో ఏది ఉన్నా మొదటి నుండి ప్రసూతి వైద్యురాలే చూడవలెను. ఇవేవీ లేనివారికి సైతం మాయ పడిన తరువాత రక్తం ధారగా పోవచ్చు; అప్పుడు గడియలు లెక్కబెట్టవలసి వస్తుంది. ఇంటి కాన్పును మేము సమర్థింపకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

ఎనిమిదవ నెలలోనే ఆసుపత్రికి పోయి అడుగవలసినవి కొన్ని ఉన్నవి. రాత్రి వేళ ఎవరుంటారు? రక్తం ఎక్కడి నుండి తెస్తారు? నొప్పుల సమయంలో తల్లి ప్రక్కన ఇంటి ఆడమనిషిని ఉండనిస్తారా? నిరుడు ఇక్కడ ఎన్ని కాన్పులు కోతతో జరిగినవి? ఇట్లు అడిగితే కోపగించుకొంటారని కొందరి భయం. మా ఇంటి ఆడపడుచు కొరకు మేము రెండు చోట్ల అడిగి చూచినాము. ఒకచోట విసుగుకొన్నారు. రెండవ చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, పుస్తకం తెరచి లెక్క చూపినారు. పురుడు ఆ రెండవ చోటనే జరిగినది.