సూట్ కుట్టిస్తున్నారా? బయటి మెరుపు కాదు.. లోపల ఏముందో అడగండి!

అమీర్‌పేటలో కోచింగ్ ముగించుకుని ఇంటర్వ్యూలకు రెడీ అయ్యే కుర్రాళ్లు.. పక్క మెట్రో స్టేషన్ పంజాగుట్టలో దిగి రిసెప్షన్ బట్టలు చూసుకునే పెళ్లికొడుకులు. చాలామందికి జీవితంలో అదే మొదటి సూట్. వేలకు వేలు పెట్టి కొంటారు. షోరూమ్ అద్దంలో ఏ కోటైనా బాగానే కనిపిస్తుంది. కానీ కొన్నిసార్లు డ్రైక్లీనింగ్‌కి వెళ్లొచ్చాక ఛాతీ మీద గుడ్డ బుడగల్లా ఉబ్బిందంటే ఆ కోటు పని అయిపోయినట్టే. మరి అలా ఎందుకవుతుంది? కొనేముందు ఏం చూడాలి?

కోటు లోపల అసలు కథ

కోటు ముందు భాగం వంకర పోకుండా నిలవాలంటే పై గుడ్డకి, లైనింగ్‌కి మధ్య ఇంకో పొర ఉండాలి. దాన్ని రెండు రకాలుగా వేస్తారు. జిగురు ఉన్న పొరను వేడి ప్రెస్‌తో అతికిస్తే అది ఫ్యూజింగ్. పని త్వరగా అవుతుంది, రేటు తగ్గుతుంది. అయితే పదే పదే వేడి తగిలి జిగురు వదిలితేనే ఈ బుడగలు వస్తాయి. తర్వాత సరిచేయడం దాదాపు కుదరదు.

రెండోది కాన్వాస్. ఉన్ని, గుర్రపు వెంట్రుకల లాంటివి కలిపి నేసిన పొరను దారంతో కుడతారు. జిగురు లేదు కాబట్టి బుడగల బాధ లేదు. వేసుకునే కొద్దీ ఒంటికి తగ్గట్టు కుదురుకుంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువే. మధ్యస్థంగా, ఛాతీ వరకే కాన్వాస్ వేసే హాఫ్ కాన్వాస్ కూడా ఉంది.

తేడా కనిపెట్టడం ఈజీనే. కింది కాజా దగ్గర పై గుడ్డను ఒక చేత్తో, లైనింగ్‌ను ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా విడదీయండి. మధ్యలో విడిగా కదిలే మూడో పొర వేళ్లకు తగిలితే కాన్వాస్. తగలకపోతే ఫ్యూజింగ్.

సూపర్ 120 అంటే గట్టిదనా?

కాదు. ఉన్ని పోగు ఎంత సన్నగా ఉందో చెప్పే లెక్క అది. సూపర్ 100కి పోగు సగటు మందం 18.75 మైక్రాన్లు, సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25 దాటకూడదు. నంబర్ పెరిగే కొద్దీ గుడ్డ మెత్తగా ఉంటుంది. కానీ త్వరగా నలుగుతుంది, రాపిడికి తట్టుకోదు. రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్లేవారికి సూపర్ 100 చాలు.

పైగా మన ఎండలు! మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటుతుంది. పాలిస్టర్ ఎక్కువున్న సూట్‌లో చెమటకి గాలి ఆడదు. పలుచటి ఉన్ని గుడ్డ, వీపు సగం వరకే లైనింగ్ ఉంటే హాయిగా ఉంటుంది. ఉన్నిలో కల్తీ ఉందేమోనని అనుమానమా? అంచు నుంచి ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

వెయిస్ట్‌కోట్ చివరి బటన్ ఎందుకు పెట్టరు?

1666లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ తన ఆస్థానంలో మొదలుపెట్టిన వస్త్రమే క్రమంగా వెయిస్ట్‌కోట్ అయింది. లావుగా ఉండే ఏడో ఎడ్వర్డ్ చివరి బటన్ వదిలేసేవారని, అందరూ అదే పాటించారని ఓ కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా.. ఆ బటన్ వదిలేస్తే కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర పట్టేయదు. రెండు బటన్ల కోటుకీ అంతే, పైది మాత్రమే పెట్టుకోవాలి. వెయిస్ట్‌కోట్‌కి, ప్యాంటుకి మధ్య షర్టు కనిపించకూడదు.

ట్రయల్‌లో భుజాలే ముఖ్యం

నడుము, చేతుల పొడవు తర్వాతైనా సరిచేయొచ్చు. భుజం కుట్టు తేడా వస్తే మార్చడం చాలా కష్టం. అది సరిగ్గా భుజం చివర ఆగాలి. చేయి దించితే షర్టు కఫ్ అర అంగుళం కనిపించాలి.

రెడీమేడ్ కొన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. చేతి మీద బ్రాండ్ లేబుల్, వెనక చీలికను పట్టి ఉంచే ఇంటూ గుర్తు కుట్టు తీసేయాల్సినవే. ఇంటర్వ్యూకి వాటితోనే వెళ్లిపోకండి!