పాత కారులో విద్యుత్తు లోపములను కనుగొను విధము

మన గ్రామములలో తండ్రుల నాటి మోటారు కారులు పాకలలో దుమ్ము పట్టి యుండుట అరుదు కాదు. వానిలో అంబాసిడరు ముఖ్యమైనది. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మాదిరిగా పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో తయారైన ఈ కారు నిర్మాణము 2014వ సంవత్సరములో నిలిచిపోయెను. అట్టి బండ్లను మరల నడిపింపగోరు సభ్యులు కొందరు విద్యుత్తు భాగమును గురించి నన్ను అడుగుచున్నారు. ఇంజను లోపము చెవికి వినబడును. విద్యుత్తు లోపము కంటికి గాని చెవికి గాని సులభముగా చిక్కదు. అందుచేత ఊహపై సామాను మార్చి ధనము పోగొట్టుకొనువారే ఎక్కువ.

మా సంఘ సభ్యులొకరు తన తండ్రిగారి కారును కుమార్తె పెండ్లినాటికి సిద్ధము చేయవలెనని దానికి క్రొత్తరంగు వేయించిరి. సెల్ఫు తిరుగలేదు, దీపములు మసకగా వెలిగినవి. మొదట క్రొత్త బ్యాటరీ కొనిరి, పిమ్మట డైనమో మార్చిరి. విత్తనములకై దాచిన సొమ్ము వ్యయమైనది గాని లోపము తొలగలేదు. పెండ్లికి ఎనిమిది దినములున్నవనగా నాకు కబురు పంపిరి.

విద్యుత్తు కాలువనీటి వంటిది. అయితే ఒక భేదము గలదు. కాలువనీరు పొలమున ఇంకిపోవును. విద్యుత్తో, బ్యాటరీ నుండి బయలుదేరి పని చేసి, మరల బ్యాటరీకి చేరి తీరవలెను. పోవు దారి వైరు. తిరిగివచ్చు దారి కారు యొక్క ఇనుపశరీరమే. దీనినే మెకానిక్కులు ఎర్తు అందురు. కాలువలో తూటికాడ పెరిగినచో చివరి పొలమునకు నీరందనట్లే, ఈ దారిలో తుప్పు గాని రంగు గాని అడ్డుపడినచో దీపము మసకబారును. కావున ఈ క్రింది క్రమమున పరీక్షింపవలయును.

మొదటిది, జాగ్రత్త. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును. దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు. ఉంగరములు తీసివేయవలెను. వైరును విప్పునప్పుడు ఎర్తు వైరును ముందు విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. పూర్వపు బ్రిటిష్ కార్లలో చాలవాటికి ధనధ్రువమును ఎర్తుగా కలిపెడివారు. తరువాతి కార్లకు ఋణధ్రువము. మీ బండి ఏ రకమో తెలిసికొననిదే బ్యాటరీ కలుపరాదు.

రెండవది, బ్యాటరీ. మీటరుతో చూడగా, నిండిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు తక్కువైనచో ముందు చార్జి చేయింపవలెను.

మూడవది, ఎర్తు. మీటరు తీగ నొకదానిని బ్యాటరీ ఎర్తు ధ్రువముపైనను, రెండవదానిని ఇంజను యొక్క శుభ్రమైన లోహముపైనను ఆనించి, మరియొకరిచే సెల్ఫు నొక్కింపుడు. మీటరు అర వోల్టునకు మించి చూపరాదు. మించినచో దారిలో అడ్డు గలదు.

నాలుగవది, చార్జి. ఇంజను వేగముగా తిరుగునప్పుడు బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు ఉండవలెను. 13 దాటనిచో డైనమోనో, రెగ్యులేటరునో, వాని వైర్లనో చూడవలెను. 15 దాటినచో బ్యాటరీ ఉడికిపోవును, రెగ్యులేటరును సరిచేయింపవలెను. డైనమో గల కారు నెమ్మదిగా తిరుగునప్పుడు ఎర్రదీపము వెలిగినంతమాత్రమున లోపమని తలపరాదు.

ఐదవది, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవుట. స్విచ్చులన్నియు ఆపి, తలుపులు మూసి, ఎర్తు వైరును విప్పి, ఆ వైరునకును ధ్రువమునకును నడుమ 12 వోల్టుల చిన్నదీపము కలుపుడు. అది వెలిగినచో ఎక్కడనో విద్యుత్తు కారుచున్నది. ఒక్కొక్క ఫ్యూజును, ఒక్కొక్క వైరును విప్పుచు రాగా, ఏది విప్పినప్పుడు దీపమారునో ఆ శాఖలోనే లోపము. పాకలో నిలిచిన కార్లలో ఎలుకలు కొరికిన వైర్లు తరచుగా కనబడును.

మా సభ్యుని కారులో మూడవ పరీక్షయందే మీటరు 3 వోల్టులు చూపినది. ఎర్తుపట్టీని విప్పి చూడగా, అది క్రొత్తరంగుపై బిగింపబడియున్నది. గరుకు కాగితముతో రంగు గీకి, లోహము మెరయునట్లు చేసి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూసితిమి. సెల్ఫు మొదటి నొక్కునకే తిరిగెను. డైనమోకు ఏ లోపమును లేకుండెను.

కాని ఆ బండిలోనే మరియొకటి చూచి భయపడితిని. ఫ్యూజు స్థానమున ఎవరో రాగితీగ చుట్టియుండిరి. ఫ్యూజు మనకు కావలివాడు. తాను కాలి వైరును కాపాడును. రాగితీగ కాలదు, దాని బదులు వైర్లు కాలును. పెండ్లికూతురు కూర్చుండు బండి అది! వెంటనే తగిన ఫ్యూజును వేయించితిని.

సోదరులారా, మీ ట్రాక్టరు బ్యాటరీకిని ఈ సూత్రమే వర్తించును. కొనుటకు ముందు పరీక్షింపుడు. మార్చుటకు ముందు శుభ్రము చేయుడు. కాలిన ఫ్యూజు కారణము తెలియక మరియొకటి వేయకుడు.