బెప్ వాన్ క్లావెరెన్

బెప్ వాన్ క్లావెరెన్ (సెప్టెంబర్ 26, 1907 - ఫిబ్రవరి 12, 1992) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ ముష్టియుద్ధ క్రీడాకారుడు. రోటర్‌డ్యామ్ నగరంలో జన్మించాడు. 1928లో స్వదేశంలోనే, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో, ఫెదర్‌వెయిట్ విభాగం అంతిమ పోటీలో అర్జెంటీనాకు చెందిన విక్టర్ పెరాల్టాను ఓడించి స్వర్ణపతకం సాధించాడు. భారత హాకీ జట్టు తొలి స్వర్ణం గెలుచుకున్నది కూడా ఈ క్రీడలలోనే.

1929లో ఇతడు వృత్తి క్రీడాకారుడైనాడు. ఆ రోజులలో వృత్తి క్రీడాకారులకు ఒలింపిక్స్‌లో ప్రవేశం లేదు. కనుక ఆ పతకాన్ని నిలబెట్టుకొనే అవకాశం మళ్ళీ రాలేదు. అయినను 1931లో లైట్‌వెయిట్‌లోను, 1938లో అంతకు రెండు తరగతులు పైనున్న మిడిల్‌వెయిట్‌లోను ఐరోపా విజేతగా నిలిచాడు. ఇతనిని అభిమానులు "డచ్ గాలిమర" అని పిలిచేవారు. 1956లో, 48 ఏళ్ళ వయసులో చివరి పోటీ ఆడాడు. 2024 పారిస్ క్రీడల వరకు ముష్టియుద్ధంలో ఒలింపిక్ స్వర్ణం పొందిన డచ్ క్రీడాకారుడు ఇతనొక్కడే.