నొక్కకుండా మోగే పాట

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ముసిరిన మా ఉద్దానంలో అద్దె కారంటే సగం రోజులు ఆసుపత్రి బండే. కవిటి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో తెల్లారకముందే బయల్దేరుతుంది. వెనక సీట్లో కిడ్నీ చెడిన మనిషి, పక్కన కొడుకో కోడలో, ఒళ్లో రిపోర్టుల సంచీ. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచాక విశాఖ దాకా పరిగెత్తే బాధ కొంత తగ్గింది గానీ కారెక్కే పని తప్పలేదు. అలాంటి కారులో తాళం తిప్పీ తిప్పగానే, ముందురోజు రాత్రి ఎవరి పెళ్లి ఊరేగింపులోనో వేసిన డీజే పాట ఎత్తుకుంటుంది. డ్రైవరు కుర్రాడు కంగారుగా వాల్యూము తగ్గిస్తూ, "నేనేటీ నొక్కలేదు మాస్టారూ, దానంతటదే మోగీసింది" అంటాడు.

కుర్రాడు చెప్పింది నిజమే. అతను నొక్కలేదు. కాని నొక్కినట్టు ఫోనుకి కబురు అందింది. పంపింది కారు.

ఒరే గుంటలూ, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చోండి. ఇందులో ఎవరి పాలు ఎంతో తేలితే గాని మందు ఎక్కడ వెయ్యాలో తెలీదు. ఊళ్లో ప్రతివాడూ బ్లూటూత్‌నే తిడతాడు. పాపం, దాని తప్పు అందరికంటే తక్కువ.

బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లో, లుండ్ అనే పట్నంలో, ఎరిక్సన్ కంపెనీ ఇంజనీర్ల దగ్గర మొదలైంది. ఫోనుకీ దాని చుట్టూ ఉండే సామానుకీ మధ్య తీగలు లేకుండా చెయ్యాలన్నది వాళ్ల ఆలోచన. ఇది వాడుకునే రేడియో తరంగం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, పాత లెక్కలో చెప్పాలంటే బెత్తెడున్నర పైచిలుకు. వైఫై కూడా కొంతమటుకు ఇక్కడే తిరుగుతుంది, మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఇక్కడే. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తితో వాడుకోడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005లో ప్రకటించింది. ఇంతమంది ఒక్కచోటే మాట్లాడితే గోల అయిపోదా అంటారు. అవుతుంది. అందుకే బ్లూటూత్ ఒక్కచోట నిలవదు. ఆ జాగాని 79 వరసలు చేసి, సెకనుకి 1600 సార్లు ఒక వరసలోంచి మరో వరసలోకి గెంతుతుంది. తరవాత ఏ వరసలోకి గెంతాలో కారుకీ తెలుసు, ఫోనుకీ తెలుసు, పక్క కారుకి తెలీదు.

గెంతుడు ఆలోచన మాత్రం పాతది. హెడీ లమార్ అనే హాలీవుడ్ సినిమా తార, జార్జ్ యాంథీల్ అనే సంగీతకారుడు కలిసి 1942లో అమెరికాలో దీనికో పేటెంటు తీసుకున్నారు. టార్పెడోకి రేడియోలో పంపే ఆజ్ఞని శత్రువు చెడగొట్టకుండా, 88 ఫ్రీక్వెన్సీల మధ్య మార్చుతూ పంపాలని వాళ్ల ఊహ. 88 ఎందుకంటే పియానోకి 88 మెట్లు. తెర మీద అందం చూసి చప్పట్లు కొట్టినవాళ్లు ఆవిడ బుర్రని చూడ్డానికి చాలా ఏళ్లు పట్టింది. సరే, అదో పెద్ద కథ, ఇంకోరోజు చెప్తాను.

మన కారు సంగతికొద్దాం. కారూ ఫోనూ జత కలిసినప్పుడు వాటి మధ్య జరిగేది ఒక్క ఒప్పందం కాదు. కాల్స్‌కి ఒకటి, పాట శబ్దానికి వేరే ఒకటి, ఫోనులో దాచుకున్న పేర్లకి ఇంకొకటి, రిమోట్‌కి మరొకటి. ఈ రిమోట్ ఒప్పందాన్ని ఇంజనీర్లు ఏవీఆర్‌సీపీ అంటారు. స్టీరింగ్ మీద బటన్ నొక్కి పాట మార్చగలుగుతున్నామంటే దాని చలవే. అందులో ఒక్కో బటన్‌కి ఒక్కో సంకేతం ఉంది: ప్లేకి 44, స్టాప్‌కి 45, పాజ్‌కి 46. పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో రాసిన అంకెలివి. మీరు ప్లే నొక్కితే కారు రెండు కబుర్లు పంపుతుంది. "44 నొక్కారు" అని మొదటిది, "44 వదిలారు" అని రెండోది.

ఇక అసలు సంగతి వినండి. తాళం తిప్పాక కారులోని మ్యూజిక్ సిస్టమ్ నిద్ర లేస్తుంది, పాత జాబితా చూసి మీ ఫోనుని పట్టుకుంటుంది. పట్టుకున్నాక చాలా కార్లలో ఎవరూ ఏమీ ముట్టకపోయినా అదే ఆ రెండు కబుర్లూ పంపేస్తుంది. నొక్కారు, వదిలారు. నొక్కింది మనిషి వేలా, కారులో ముందే రాసిపెట్టిన ప్రోగ్రామా అని చెప్పడానికి ఆ కబురులో చోటే లేదు. ఫోను చూసేది 44 ఒక్కటే. యజమాని నొక్కినప్పుడు మోగకపోతే దాన్ని చెడిపోయిందంటాం, అందుకని మోగుతుంది. నన్నడిగితే బ్లూటూత్ తప్పేదైనా ఉంటే ఇదొక్కటే. అడిగినవాడెవడో చెప్పే గడి ఒక్కటి ఆ కబురులో పెట్టి ఉంటే కొంత తలనొప్పి పోయేది.

మరి కారుకి ఈ అలవాటు ఎక్కణ్నించి వచ్చింది? పాత రేడియో నుంచి, క్యాసెట్ నుంచి. టెక్కలి, నౌపడ రోడ్ల మీద అంబాసిడర్ టాక్సీలు తిరిగిన రోజుల్లో సెట్టులో క్యాసెట్ సగంలో ఉండగా బండి ఆపితే, మర్నాడు తాళం తిప్పగానే ఆ పాట సగంలోంచే అందుకునేది. రేడియో మీట వేసి ఉంటే రేడియో మాట్లాడేది. అప్పుడెవరూ విసుక్కోలేదు, ఎందుకంటే క్యాసెట్ రాత్రంతా కారులోనే ఉంది. పెట్టినవాడికి ఏం మోగుతుందో తెలుసు. ఫోను అలా కాదు. రాత్రంతా ఇంట్లో, ఊరేగింపులో, మంచం మీద, పిల్లల చేతుల్లో తిరిగి వస్తుంది. కారు తయారుచేసినవాళ్లు క్యాసెట్ పోయి ఫోను వచ్చిందని గమనించారు, అలవాటు మాత్రం మార్చుకోలేదు.

కారు అడిగింది సరే, ఏ పాట వెయ్యాలో ఎవరు తేల్చారు? అల్లుడు గడపలో కాలు పెడుతూనే "కాఫీ" అంటే, ఎవర్నీ పేరు పెట్టి అడగడు కదా. ఆఖరున వంటింట్లో మసిలినవాళ్లే లేచి స్టవ్ వెలిగిస్తారు. కారు కూడా పాట కావాలంటుందే గాని ఏ యాప్‌నీ పేరు పెట్టి పిలవదు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోను చేసే పని ఇది: అప్పుడేమీ మోగకపోతే, ఆఖరిసారి ఏ యాప్ పాట వేసిందో వెతికి ఆ కబురు దానికి అందిస్తుంది. పొద్దున్న సుప్రభాతం విన్నవాడికి సుప్రభాతం, రాత్రి డీజే విన్నవాడికి డీజే.

ఇక్కడ మన కుర్రాళ్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, దిగేముందు యాప్‌ని తెర మీంచి పైకి తోసేసి "తీసీసాను" అనుకోవడం. తోసేసిన యాప్‌ని కూడా ఆ 44 లేపగలదు. రెండు, డేటా ఆపెయ్యడం. పాట ముందే ఫోనులోకి దించుకుని ఉంటే నెట్టుతో దానికేం పని? కారుకీ ఫోనుకీ మధ్య టవర్ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి చెట్లని, కరెంటు స్తంభాల్ని పడగొట్టి సిగ్నల్ లేకుండా చేసిన రోజుల్లో కూడా, ఫోనులో ఛార్జింగ్ మిగిలినవాడి కారులో ఈ పాట ఆగవలసిన కారణం లేదు.

ఐఫోన్ ధోరణి వేరు. ఈ మధ్య ఏదీ విననట్టయితే అది సొంత మ్యూజిక్ యాప్‌ని లేపి, అక్షర క్రమంలో మొదటి పాట అందుకుంటుంది. రోజూ తాళం తిప్పగానే అదే పాట, అదే పల్లవి. మన తెలుగు పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కాబట్టి "ఆ"తో మొదలయ్యేవన్నీ రెండు ఏలతో వరసలో ముందుకొచ్చి నిలబడతాయి. ఇది విని విని విసిగినవాళ్లకోసం 2017 ఆగస్టులో సమీర్ మెజ్రాహీ అనే అమెరికన్ ఓ పాట విడుదల చేశాడు. దాని పేరు మొదట్లో అన్నీ ఏ అక్షరాలే. దాదాపు పది నిమిషాల పాట, అందులో ఏమీ లేదు, వట్టి నిశ్శబ్దం. ధర 99 సెంట్లు. జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు. ఐట్యూన్స్ పట్టికలో తొలి 50 లోకి ఎక్కింది. పలాసలో బయల్దేరితే పది నిమిషాల్లో మీరు కాసీబుగ్గ దాటి హైవే ఎక్కేస్తారు, ఆ లోపల నెమ్మదిగా మీకు కావలసింది పెట్టుకోవచ్చు. నాకు ఈ వైద్యం భలే నచ్చింది. జబ్బు నయం కాలేదు, కాని నొప్పి లేదు.

ఇంకో వింత ఉంది. బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల దాకా అందుతుంది. మన పల్లెల్లో వాకిట్లో కారు, అరుగు మీద నాన్న, ఈ మధ్య దూరం అంతకన్నా తక్కువ. కొడుకు కారు స్టార్ట్ చేస్తాడు, కారు కొడుకు ఫోనుకి బదులు అరుగు మీదున్న నాన్న ఫోనుని పట్టుకుంటుంది. నాన్న వింటున్న భజన నోరు మూసుకుని, వాకిట్లో కారులోంచి గట్టిగా వినబడుతుంది. ఇంకా తమాషా, అప్పుడే ఫోనొస్తే మాట కారులోకి పోతుంది, నాన్న మాత్రం "అలో, అలో" అంటుంటాడు. ఇలాంటి ఇళ్లలో కారులో ఇద్దరి ఫోన్లూ ఉంటే, నడపనివాడి పేరు కారు జాబితాలోంచి తీసెయ్యడమే మేలు.

ఇప్పుడు మందులు. ఆండ్రాయిడ్ వాళ్లకి అన్నిటికంటే మంచిది ఒకటుంది. ఇందాక ఒప్పందాలు వేరువేరని చెప్పాను చూడండి, అది ఇక్కడ పనికొస్తుంది. ఫోను సెట్టింగ్స్‌లో బ్లూటూత్‌కి వెళ్లి, కారు పేరు పక్కనున్న చక్రం బొమ్మ నొక్కితే "ఫోన్ కాల్స్", "మీడియా ఆడియో" అని విడివిడిగా మీటలు కనబడతాయి. రెండోదాన్ని ఆపెయ్యండి. కాల్స్ కారులోనే వస్తాయి, పాట రాదు. ఆసుపత్రి బండి నడిపేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఒక్క చిక్కుంది, దారి చెప్పే మ్యాప్ గొంతు కూడా కారు స్పీకర్లలో కాకుండా ఫోనులోంచే వస్తుంది. పలాస నుంచి విశాఖ హైవే మీద అదేమంత ఇబ్బంది కాదు. ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్లయితే దాని సెట్టింగ్స్‌లోనే సంగీతం తనంతట తాను మొదలవ్వాలా అని ఓ మీట ఉంది, దాన్ని ఆపితే సరి.

ఐఫోన్‌లో కాల్స్‌నీ పాటనీ అలా విడదీసే మీట లేదు. షార్ట్‌కట్స్ యాప్‌లో ఆటోమేషన్ అనే చోట "ఈ కారు బ్లూటూత్ తగలగానే పాజ్ చెయ్యి" అని రాసిపెట్టుకోవాలి, నన్నడక్కుండా వెంటనే చెయ్యమని కూడా చెప్పాలి. చాలామంది ఇది పనిచెయ్యట్లేదంటారు. పనిచేస్తుంది, కాని తొందరపడుతుంది. ఫోను పాజ్ చేసి కూర్చున్నాక కారు తీరుబడిగా 44 పంపుతుంది. అందుకని పాజ్‌కి ముందు కొన్ని సెకన్లు ఆగమని ఓ మెట్టు కలపండి. ఆ కాసేపు పాట వినబడుతుంది, అది తప్పదు.

ఏ ఫోనుకైనా పనికొచ్చే పల్లెటూరి చిట్కా ఒకటి: బండి ఆపేముందు కారు సెట్‌ని బ్లూటూత్ నుంచి రేడియోకి మార్చి, వాల్యూము బాగా తగ్గించి దిగండి. చాలా కార్లు ఆఖరున ఉన్నచోటే మళ్లీ మొదలవుతాయి. స్టేషన్ అందకపోతే సన్నగా గుయ్‌మని వినిపిస్తుంది, అంతే.

ఇవన్నీ విని మా వీధిలో ఓ కుర్రాడు మీడియా ఆడియో ఆపేసి, పాటలకని పెన్‌డ్రైవ్ కొని కారుకి తగిలించాడు. మర్నాడు తాళం తిప్పగానే మళ్లీ పాట. "ఏటి తాతా, నువ్వు చెప్పినట్టే చేశాను కదా" అని నా మీదికొచ్చాడు. ఈసారి ఫోనుకి ఏ పాపమూ తెలీదు నాయనా, పెన్‌డ్రైవ్ రాత్రంతా కారులోనే ఉంది, అది పాత క్యాసెట్ దారి పట్టింది. దానికి ఫోనులో మందు లేదు. దిగేముందు సెట్ ఆపెయ్యి, లేదా పెన్‌డ్రైవ్ లాగి జేబులో వేసుకో అన్నాను.