పక్క కాలేజీతోని పంతం ఉండాలె.. పగ ఉండొద్దు

సద్దుల బతుకమ్మ నాడు ఏ ఊర్లె చూసినా ఒక ముచ్చట కనిపిస్తది. మా వాడ బతుకమ్మ ఎత్తా, మీ వాడ బతుకమ్మ ఎత్తా అని పంతం. పొద్దుగాల్నే లేచి గునుగు పువ్వుకు, తంగేడు పువ్వుకు పోరగాళ్లు ఎగబడుతరు. ఒకలు ఇంకో వరుస పేరిస్తె, ఇంకొకలు రెండు వరుసలు పేరుస్తరు. పొద్దుమీకి అన్ని బతుకమ్మలు ఒక్క చెరువులనే పడుతయి. ఆడోళ్లు ఒకల సద్దులు ఒకలకు ఇచ్చుకుంటరు. పంతం గాడికే అయిపోతది. మల్ల వచ్చే ఏడు వరకు అందరు ఒక్కటే.

పెద్ద పెద్ద యూనివర్సిటీల నడుమ ఉండే పోటీ కూడా గిట్లాంటిదే. మీమ్స్ ల, రీల్స్ ల "మా క్యాంపస్ గొప్ప, మీ క్యాంపస్ ఎంత" అనే లొల్లి మీరు రోజూ చూస్తనే ఉంటరు. ఆ లొల్లి ఎన్కట ఏమున్నది, అది ఎప్పుడు మంచిగుంటది, ఎప్పుడు చెడిపోతది అన్నది సమజ్ చేసుకుంటె, రేపు మీరు ఏ కాలేజీల అడుగుపెట్టినా పనికొస్తది.

ముందుగాల ఇంగ్లండ్ ముచ్చట. ఆక్స్‌ఫర్డ్ ల ఊరోళ్లతోని గొడవలై, 1209ల కొందరు పండితులు ఆడికెల్లి వెళ్లిపోయి కేంబ్రిడ్జ్ ల సదువు మొదలువెట్టిన్రు. అంటె ఈ రెండు యూనివర్సిటీలు వేరు వేరు కాదు, ఒక్క కడుపుల పుట్టినట్టే. ఆరు వందల ఏండ్ల తర్వాత, 1829ల ఒక్క స్కూల్ల సదివిన ఇద్దరు దోస్తులు, ఒకడు ఆక్స్‌ఫర్డ్ ల, ఒకడు కేంబ్రిడ్జ్ ల చేరి, పడవల పోటీ పెట్టుకుందామనుకున్నరు. కేంబ్రిడ్జ్ సవాల్ పంపింది, ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆ పోటీ ఇప్పటికీ నడుస్తున్నది. ఓడినోళ్లే గెలిచినోళ్లకు మల్ల సవాల్ పంపుడు అక్కడి ఆనవాయితీ. "ఓడిపోయినం, అయినా మల్లొస్తం" అని చెప్పుకునే మర్యాద అది.

అమెరికాల ఇంకో తీరు. 2006ల ఎంఐటీ పోరగాళ్లు సామాన్లు మోసే కంపెనోళ్ల లెక్క వేషం కట్టి, కాల్‌టెక్ క్యాంపస్ ల ఉన్న పాత ఫిరంగిని ఎత్తుకపోయిన్రు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు! కాల్‌టెక్ పోరగాళ్లు గూడ గంత దూరం పోయి దాన్ని తెచ్చుకున్నరు. వచ్చేటప్పుడు ఎంఐటీోళ్ల కోసం ఒక చిన్న బొమ్మ ఫిరంగిని అక్కడ పెట్టి వచ్చిన్రు. ఎవలి మనసు నొవ్వలే. రెండు దిక్కుల నవ్వుకున్నరు.

ఇగ మన ఓరుగల్లుకు వద్దాం. 1959ల ఈడ రెండు పెద్ద కాలేజీలు పుట్టినయి. ఒకటి కాకతీయ మెడికల్ కాలేజీ. ఇంకొకటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, అంటె ఆర్ఈసీ. దీనికి ఆ ఏడు అక్టోబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాది రాయి వేసిండు. దేశంల పెట్టిన ఆర్ఈసీలల్ల ఇదే మొదటిది. సగం సీట్లు సొంత రాష్ట్రపోళ్లకు, సగం బయటి రాష్ట్రాలోళ్లకు అన్నది అప్పటి పద్ధతి. 2002ల అది ఎన్ఐటీ అయింది. సగం సీట్ల హోమ్ స్టేట్ కోటా ఇప్పటికీ ఉన్నది.

కాకతీయ యూనివర్సిటీ కథ ఇంకా గమ్మతు. ముందు అది ఉస్మానియా యూనివర్సిటీకి వరంగల్ ల ఉన్న పీజీ సెంటర్. 1976ల సొంత యూనివర్సిటీ అయింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి కేంబ్రిడ్జ్ వచ్చినట్టు, ఓయూ నుంచి కేయూ వచ్చిందన్నట్టు. అందుకే ఓయూ, కేయూ నడుమ ఉన్నది అన్నదమ్ముల పంతం. తెలంగాణ ఉద్యమంల అది మంచిగ కనపడ్డది. ఓయూల పోరగాళ్లు రోడ్డెక్కితె కేయూ ఊకుంటదా? కేయూల లొల్లి మొదలైతె ఓయూ నిద్రపోతదా? ఒకలను చూసి ఒకలు కదిలిన్రు. 2009 డిసెంబర్ ప్రకటన దాక, ఆ తర్వాత 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చేదాక ఆ రెండు క్యాంపస్ లు ఆగలే. గెలిచింది ఓయూనా, కేయూనా అని ఎవలూ అడగలే. పంతం వేరైనా పోయే తొవ్వ ఒక్కటే కాబట్టి.

ఎన్ఐటీలకు కూడా గిసొంటి పంతమే ఉంటది. వరంగల్ 1959ది, సూరత్కల్ 1960ది, తిరుచ్చి 1964ది. పుట్టుకల మేమే పెద్ద అని వరంగలోళ్లు అంటరు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులల్ల మేమే ముందు అని తిరుచ్చోళ్లు అంటరు. ఐఐటీలైతె 1961 నుంచి ఇంటర్ ఐఐటీ స్పోర్ట్స్ మీట్ పెట్టుకొని, ఆ కసి మైదానంల తీర్చుకుంటున్నయి.

ఇవన్నీ చూస్తె మంచి పోటీకి మూడు గుణాలు కనపడుతయి. ఒకటి, ఇద్దరు సమానం అనుకోవాలె. రెండు, ఇద్దరికీ ఒక్క మైదానం, ఒక్క రూల్ ఉండాలె. మూడు, ఆట అయిపోయినంక కలిసి చాయ్ తాగేటట్టు ఉండాలె.

మరి వరంగల్ ల ఎన్ఐటీకి, కేయూకు నడుమ గట్లాంటి పోటీ ఎందుకు ఎక్కువ కనపడదు? ఊరు ఒక్కటే, ఆటో ఎక్కితె కాసేపటి తొవ్వ. కాని దర్వాజలు వేరు. ఎన్ఐటీ బీటెక్ కు జేఈఈ మెయిన్ రాసి, దేశమంత తోని కొట్లాడి రావాలె. కేయూ పీజీకి సీపీగెట్ రాసి వస్తరు. అక్కడ సర్కారు డిగ్రీ కాలేజీల, తెలుగు మీడియంల సదివినోళ్లు, ఇంట్ల మొదటిసారి యూనివర్సిటీ గేటు చూసినోళ్లు మస్తుమంది ఉంటరు. ఒక్క రూల్ లేని కాడ ఎవలు గెలిచిండ్రని ఎట్ల చెప్తం? గప్పుడు పోటీ పోయి, ఒక దిక్కు గర్వం, ఇంకో దిక్కు చిన్నతనం మిగుల్తయి.

కాని ఒక సంగతి మంది మర్చిపోయిన్రు. 1976 నుంచి ఎన్ఐటీ అయ్యేదాక, ఆర్ఈసీల సదివినోళ్ల డిగ్రీ పట్టా మీద ఉన్న పేరు కాకతీయ యూనివర్సిటీది. ఇయ్యాల పెద్ద కొలువులల్ల ఉన్న ఎంతోమంది పాత ఆర్ఈసీ విద్యార్థులు, కాయితం మీద కేయూ పట్టభద్రులే. ఎక్కువ తక్కువ అన్న గీత మన నెత్తిల ఉన్నంత పెద్దగ చరిత్రల లేదు.

ఇగ అసలు మాట. పోటీ ఎప్పుడు చెడిపోతది? కాలేజీ మీద జోక్ మనిషి మీదికి మళ్లినప్పుడు. "మీ టీమ్ ఓడిపోయింది" అంటె పంతం. "నీ ఇంగ్లీష్ గింతేనా", "ఏ ఊరు నుంచొచ్చినవ్ రా", "కోటా సీటా" అంటె అది పంతం కాదు, అవమానం. యూజీసీ 2016ల ర్యాగింగ్ రూల్స్ మార్చి ఈ సంగతి సాఫ్ గ రాసింది. కులం, మతం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, ఇంటి ఆర్థిక స్థితి చూసి తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినట్టు చేసినా అది ర్యాగింగే. "ఊకె మజాక్ చేసినం" అంటె చెల్లదు. గట్లాంటిది ఎదురైతె 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు, పైసలు పడయి. మౌనంగ మింగుడు మాత్రం వద్దు.

ఊర్లకెల్లి పోయే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్పేది గింతే. పెద్ద క్యాంపస్ పేరు చూసి బెదరకున్రి. ఎన్ఐటీల టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ పండుగలు అయినప్పుడు బయటి కాలేజీలోళ్లు కూడా పోతరు. మీరూ పోన్రి. పేరు రాయించుకోన్రి. ఓడితె ఓడుతరు, మల్ల సవాల్ పంపుతరు. ఎన్ఐటీల ఉన్న మనోళ్లు కూడా కేయూ గ్రౌండుకు వచ్చి ఒక వాలీబాల్ ఆట ఆడాలె. ఓరుగల్లు కాలేజీలన్నీ కలిసి ఏడాదికొక్కసారి ఒక్క మైదానంల దిగితె, మీమ్స్ ల తిట్టుకునుడు దానంతటదే తగ్గుతది.

బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చినా చెరువు ఒక్కటే. మన సదువులన్నీ కలిసేది కూడా ఈ ఓరుగల్లు నేలనే.