విరిగిన పాలు, విరిచిన పాలు

ఎండాకాలంలో ఏ ఇంట్లోనైనా జరిగేదే. పొద్దున తెచ్చిన పాలు ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోతాం. సాయంత్రం వాసన చూస్తే బాగానే ఉంటాయి. పొయ్యి మీద పెట్టిన అయిదు నిమిషాలకు తరకలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు. మా అమ్మ అలాంటి పాలను ఎప్పుడూ పారబోయలేదు. బెల్లం వేసి, నీరంతా ఇగిరేదాకా కలియబెట్టి మాకు పెట్టేది. చీజ్ చేయడంలో మొదటి పాఠం ఆ గిన్నెలోనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పాలు ఎందుకు విరుగుతాయో అర్థమైతే సగం పని వచ్చేసినట్టే. ఆవుపాలలోని మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీన్. అది కంటికి కనబడని సన్నని ఉండలుగా పాలల్లో తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నిటి మీదా రుణవిద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పులుపు పెరిగేకొద్దీ ఆ ఆవేశం తగ్గి, ఉండలు దగ్గరకు చేరి అతుక్కుంటాయి. బయట ఉన్న పాలల్లో సూక్ష్మజీవులు మెల్లగా పులుపు పుట్టిస్తాయి. మన నాలుకకూ ముక్కుకూ అందనంత కొద్ది పులుపైనా, వేడి తోడైతే చాలు, పాలు విరిగిపోతాయి. అక్కడ తనంతట తాను జరిగిన పనిని మన చేతిలోకి తీసుకుంటే అది పనీర్.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పనీర్‌తోనే మొదలుపెట్టాలి. వీడియోల్లో మొజరెల్లా తీగలు సాగడం చూసి నేరుగా అక్కడికి వెళ్లినవాళ్లు రెండు లీటర్ల పాలు పోగొట్టుకుని, తమకు చేతకాదని ఊరుకోవడం నేను చూశాను. చేతకాక కాదు, మెట్టు తప్పింది.

ముందు పాలు. గేదెపాలైతే మంచిది, లేకపోతే ఫుల్ క్రీమ్ ప్యాకెట్. అందులో వెన్న కనీసం 6 శాతం ఉంటుంది. టోన్డ్ పాలల్లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. నేను మొదటిసారి డబుల్ టోన్డ్ పాలతో చేశాను. గుప్పెడు రవ్వలాంటి ముక్కలు వచ్చాయి, నమిలితే రబ్బరు. ఆ రోజు నా చేతిలో లోపం ఏమీ లేదు, పాలు ఎంచుకోవడంలోనే ఉంది. మంచి గేదెపాలు లీటరుకు దాదాపు 200 గ్రాముల పనీర్ ఇస్తాయి, ఆవుపాలు కొంచెం తక్కువ.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో లీటరు పాలు పోసి, అడుగంటకుండా కలుపుతూ పూర్తిగా మరగనివ్వాలి. ఈ మరగడం క్రిములు చావడానికే అనుకుంటాం. ఇంకో పని కూడా జరుగుతోంది. కేసీన్ కాక మిగిలిన మాంసకృత్తులు, మామూలుగా తేటలో కలిసి పోయేవి, వేడికి విప్పారి కేసీన్‌కు అతుక్కుంటాయి. అందుకే మరిగించిన పాలు పనీర్‌ను ఎక్కువిస్తాయి, మెత్తగానూ ఇస్తాయి.

పొంగు రాగానే పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. తెర్లుతున్న పాలల్లో పులుపు పోస్తే తరకలు బిగుసుకుపోయి పనీర్ గట్టిగా తయారవుతుంది. రెండు పెద్ద చెంచాల నిమ్మరసానికి అన్నే నీళ్లు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ, గరిటెతో చాలా నెమ్మదిగా కలపాలి. జోరుగా తిప్పితే తరకలు నలిగి పొడైపోతాయి. చూడాల్సింది తరకలను కాదు, నీటిని. నీరు తెల్లగా ఉందంటే ఇంకా పాలు మిగిలి ఉన్నాయి. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో తేరుకుందంటే అయిపోయింది, ఇక ఒక్క చుక్క కూడా పోయకూడదు. నిమ్మకాయలన్నీ ఒక్కలా పుల్లగా ఉండవు. అందుకే కొలత కంటే కన్ను ముఖ్యం అంటాను.

అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, చిల్లుల గిన్నెలో పలుచని నూలు గుడ్డ పరిచి వంచాలి. పైన చల్లటి నీళ్లు పోస్తే పులుపు పోతుంది. గుడ్డ మూట కట్టి, పళ్లెంలో పెట్టి, పైన రెండు మూడు కిలోల బరువు ఉంచాలి. మా ఇంట్లో పచ్చడి బండే ఆ బరువు. అరగంట చాలు. బరువు తీశాక ఆ దిమ్మను ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లలో రెండు గంటలు ఉంచితే ముక్కలు విరగకుండా కోయవచ్చు. ఈ చివరి రెండు గంటలనే అందరూ వదిలేస్తారు, తర్వాత కూరలో ముక్కలు చెదిరిపోయాయని బాధపడతారు. నీళ్లు మారుస్తూ ఉంటే రెండు మూడు రోజులు నిలవుంటుంది.

తేటను పారబోయకండి. చపాతీ పిండి తడపడానికీ, చారుకూ బాగుంటుంది. పొద్దుటిదాకా పులియబెట్టి, మర్నాడు పాలు విరవడానికి నిమ్మరసం బదులు వాడుకోవచ్చు కూడా.

పులుపు ఒక్కటే దారి కాదు. ఇంగ్లిష్ చీజ్‌కు మన నిఘంటువులు జున్ను అని అర్థం రాస్తాయి. మన జున్ను వేరు. ఈనిన ఆవు లేదా గేదె మొదటి పాలల్లో దూడకు రోగనిరోధక శక్తినిచ్చే మాంసకృత్తులు చాలా ఎక్కువగా ఉంటాయి. అవి పులుపు అక్కర్లేకుండా, కోడిగుడ్డులా వేడికే గట్టిపడతాయి. అందుకే బెల్లం, మిరియాల పొడి, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే చాలు. మొదటి పూట జున్నుపాలల్లో మామూలు పాలు ఎక్కువ కలపాలి, మూడో రోజు పాలు సరిగా తోడుకోవు. ఆ పాలు దూడకు అమ్మ ఇచ్చే రక్షణ. దాని కడుపు నిండాకే మన గిన్నె ముందుకు రావాలి.

మూడో దారి రెన్నెట్. ఒకప్పుడు పాలు తాగే దూడ కడుపులోంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారైనది దొరుకుతుంది, ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసుకుని కొనవచ్చు. కేసీన్ ఉండల చుట్టూ సన్నని నూగు లాంటి పొర ఉంటుంది. ఉండలు దూరంగా ఉండడానికి అదీ ఒక కారణం. రెన్నెట్ ఆ నూగును కత్తిరిస్తుంది. పాలు పుల్లబడకుండానే గిన్నె మొత్తం ఒకే ముద్దగా తోడుకుంటుంది. కరిగే, సాగే చీజ్‌లలో చాలావాటికి ఇదే పునాది. మన పనీర్ ఎంత వేడి చేసినా కరగదు.

ఇక్కడే మన అలవాటు అడ్డం వస్తుంది. ప్యాకెట్ తెరవగానే పాలు కాచడం మనకు చెయ్యి తిరిగిన పని. పనీర్‌కు మేలు చేసిన ఆ కాగడమే ఇక్కడ చెరుపు. అతుక్కున్న మాంసకృత్తులు రెన్నెట్‌ను నూగు దగ్గరకు పోనివ్వవు. ప్యాకెట్ పాలు ముందే పాశ్చరైజ్ చేసినవి, మళ్లీ కాచనక్కర్లేదు. అట్టపెట్టెల్లో నెలల తరబడి నిలవుండే పాలు మాత్రం పనికిరావు, వాటిని అంతకంటే ఎక్కువ వేడికి గురిచేసి ఉంటారు. నేరుగా పాడి ఇంటి నుంచి తెచ్చిన పచ్చిపాలను అలాగే వాడకూడదు. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు వాటి ద్వారా వస్తాయి. 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లార్చి వాడాలి. ఇందుకు ఒక థర్మామీటర్ కొనక తప్పదు.

పాలను 32 నుంచి 35 డిగ్రీల దాకా, అంటే చేతికి గోరువెచ్చగా తెలిసీ తెలియనంతగా వేడి చేసి, ప్యాకెట్ మీద చెప్పినంత రెన్నెట్ కలపాలి. రెన్నెట్‌ను నేరుగా కుళాయి నీళ్లలో కరిగించవద్దు, క్లోరిన్ దాని బలం తీసేస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. అర నిమిషం కలిపి, మూత పెట్టి, గిన్నెను కదపకుండా వదిలేయాలి. ముప్పావు గంట తర్వాత చాకు మొనను వాలుగా దించి, కొద్దిగా పైకి లేపి చూడండి. ముద్ద చిరిగినట్టు ముక్కలైతే ఇంకో పది నిమిషాలు మూత పెట్టండి. గీత గీసినట్టు తిన్నగా తెగి, ఆ సందులో తేట నీరు ఊరితే, ఇక కోయవచ్చు.